పార్కిన్సన్స్ సెన్సర్లు తయారుచేసేవారికి, ఆ రిపోర్టులు చదివేవారికి: ముందు చేతి మందగింపును కొలవండి

చేతికి కట్టే సెన్సర్లను రూపొందిస్తున్న ఇంజనీర్లకు, ఆ రిపోర్టులు చూసి మందులు మార్చే న్యూరాలజిస్టులకు నమస్కారం.

నేను ఫిజియోథెరపిస్టుని. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ల చేతులతో వ్యాయామాలు చేయించడం, ఆ చేతులు ఇంటి పనులకు ఎంతవరకు వస్తున్నాయో చూడడం నా రోజువారీ పని. మీరు చేస్తున్న పని మీద నాకు చాలా ఆశ ఉంది. అందుకే ఒక్క విషయం గట్టిగా అడుగుతున్నాను. సెన్సర్‌కి అన్నిటికంటే సులువుగా దొరికేది వణుకు. చేతిని పనికి రాకుండా చేసేది మాత్రం ఎక్కువగా మందగింపు. మీ పరికరం ముందు దేన్ని పట్టుకోవాలి, రిపోర్టులో మొదట ఏది కనబడాలి, దేన్ని చూసి డోసు మార్చాలి అన్న ప్రశ్నలన్నిటికీ ఈ మందగింపునే ఆధారం చేసుకోండి.

1817లో జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బు గురించి రాసినప్పుడు దాన్ని వణుకుతో కూడిన పక్షవాతం అన్నాడు. ఆ ముద్ర రెండు వందల ఏళ్లు దాటినా పోలేదు. చూడవచ్చిన బంధువులు అడిగేది అదే, "వణుకు తగ్గిందా?" అని. కానీ 2015లో వచ్చిన మూవ్‌మెంట్ డిజార్డర్ సొసైటీ నిర్ధారణ ప్రమాణాల ప్రకారం పార్కిన్సనిజం అనాలంటే బ్రాడీకైనీషియా, అంటే కదలికల మందగింపు, ఉండి తీరాలి. దానికి తోడుగా విశ్రాంతిలో వచ్చే వణుకు గానీ, కండరాల బిగుతు గానీ ఉండాలి. వణుకు లేని పార్కిన్సన్స్ ఉంటుంది. మందగింపు లేకుండా ఉండదు. మందగింపు అంటే ఒట్టి నెమ్మది కూడా కాదు. కదలిక కొనసాగేకొద్దీ దాని వేగమో, వెడల్పో తగ్గుతూ పోవాలి, లేదా మధ్యమధ్యలో తడబడి ఆగుతుండాలి.

విశ్రాంతి వణుకు సెకనుకు నాలుగు నుంచి ఆరుసార్లు వస్తుంది. చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పుడు బాగా కనబడుతుంది. వంద నుంచి ఏడేసి చొప్పున తీసివేస్తూ లెక్క చెప్పమంటే ఇంకా పెరుగుతుంది. ఏదైనా అందుకోబోతే చాలామందిలో ఆ కాసేపు తగ్గుతుంది. నలుగురిలో తలెత్తుకోనివ్వదు, మనిషిని అలిసిపోయేలా చేస్తుంది, కొందరిలో పని చేసేటప్పుడు కూడా వదలదు. అది చిన్న బాధ అని నేను అనడం లేదు. కానీ నా దగ్గరికి వచ్చేవాళ్లు "చెయ్యి వణుకుతోంది" అన్నదానికంటే "చెయ్యి రావట్లేదు" అనే మాటే ఎక్కువగా అంటారు.

చొక్కా గుండీ పెట్టుకోవడం ఒకసారి దగ్గరగా చూడండి. బొటనవేలు, చూపుడువేలు కలిసి గుండీ అంచు పట్టుకోవాలి. రెండో చెయ్యి కాజాని తెరిచి ఉంచాలి. గుండీని ఏటవాలుగా తోసి, అవతలి నుంచి లాగాలి. మొదటి గుండీ ఆలస్యంగానైనా పడుతుంది. రెండోదానికి వచ్చేసరికి వేళ్లు అంత వెడల్పుగా విచ్చుకోవు. మూడోదాని దగ్గర గుండీ అంచు వేళ్ల మధ్యకే రాదు, వేళ్లు దాని మీద రాసుకుంటూ ఆగిపోతాయి. చెయ్యి విదిలించి మళ్లీ మొదలుపెడితే కాసేపు బాగానే వస్తుంది, మళ్లీ కుదించుకుపోతుంది. పక్కనున్న భార్యో, కొడుకో వచ్చి మిగతావి పెట్టేస్తారు. ఇంతసేపట్లో ఆ చెయ్యి వణికి ఉండకపోవచ్చు. వణుకు మీదే గురిపెట్టిన సెన్సర్‌కి ఇక్కడ ఏమీ జరగలేదనే అనిపిస్తుంది.

మీలో డాక్టర్లకు ఇది కొత్త కాదు. పార్కిన్సన్స్ తీవ్రతకి అంకెలు వేసే ఎండీఎస్-యూపీడీఆర్‌ఎస్ పరీక్షను, 2008లో వచ్చినదాన్ని, మీరు రోజూ చేస్తారు. చూపుడువేలిని బొటనవేలికి పదిసార్లు, వీలైనంత వేగంగా, వీలైనంత వెడల్పుగా తాటించమంటారు. వేగం చూస్తారు, మధ్యలో ఎన్నిసార్లు ఆగిందో చూస్తారు. పది పూర్తి కావస్తుండగా కదలిక చిన్నదైతే ఒకటి వేస్తారు. సగంలోనే చిన్నదైతే రెండు. మొదటి తాటింపు దాటగానే తగ్గడం మొదలైతే మూడు. అసలు చేయలేకపోతే, లేదా ఏదో కాస్త మాత్రమే చేయగలిగితే నాలుగు. పిడికిలి మూసి తెరవడం, అరచేతిని పైకీ కిందికీ తిప్పడం కూడా ఇదే తీరు. ఈ పరీక్షను తయారుచేసినవాళ్లు అసలు లక్షణాన్ని, అంటే పోనుపోను చిన్నదయ్యే కదలికని, సరిగ్గానే పట్టుకున్నారు.

చిక్కల్లా ఆ పరీక్ష ఎక్కడ, ఎప్పుడు జరుగుతుందన్న దాంట్లో ఉంది. సున్నా నుంచి నాలుగు దాకా ఉన్నవి ఐదే మెట్లు. ఒకే చేతిని చూసి ఇద్దరు డాక్టర్లు చెరో అంకె వేయడం మామూలే. పైగా ఆ మనిషి మందు వేసుకుని, అది పట్టుకున్న వేళ చూసుకుని, మీ ముందు బాగా చేయాలని ఉన్న ఓపికంతా కూడగట్టుకుని వస్తాడు. "వేగంగా, పెద్దగా చేయండి" అని ఎవరైనా పక్కన నిలబడి చెబితే వచ్చే కదలిక వేరు, ఎవరూ చెప్పనప్పుడు వచ్చే కదలిక వేరు. ఈ తేడా నేను రోజూ చూస్తాను. గదిలో చక్కగా విచ్చుకున్న వేళ్లే, బయట చెప్పుల పట్టీ దగ్గర మొరాయిస్తాయి.

సెన్సర్ ఎందుకు కావాలో ఇక్కడే అర్థమవుతుంది. పదిసార్ల తాటింపులో దొరకనిది రోజంతటిలో దొరకాలి. దొరుకుతుందనే నా నమ్మకం కూడా. కానీ ఇంజనీర్లారా, మీ పరికరం స్వభావమే మిమ్మల్ని వణుకు వైపు లాగుతుంది. ఎలాగో లెక్క వేసి చెబుతాను.

యాక్సెలరోమీటర్ కొలిచేది త్వరణాన్ని. ఒక కదలిక ఎంత త్వరగా తిరిగి తిరిగి వస్తే, దాని త్వరణం ఆ వేగం వర్గంతో పెరుగుతుంది. సెకనుకు ఐదుసార్లు, అటొక సెంటీమీటరు ఇటొక సెంటీమీటరు ఊగే వణుకులో గరిష్ఠ త్వరణం సెకను వర్గానికి సుమారు 9.9 మీటర్లు. అంటే గురుత్వాకర్షణ అంత. ఇప్పుడు చెయ్యిని ముప్పై సెంటీమీటర్ల దూరం చాచి వెనక్కి తెచ్చే పని చూడండి, వెళ్లి రావడానికి రెండు సెకన్లు పట్టిందనుకుందాం. దీని గరిష్ఠ త్వరణం సుమారు 1.5 మీటర్లే. గ్లాసు అందుకోవడానికి చెయ్యి చేసిన అసలు ప్రయాణం, ఒక సెంటీమీటరు వణుకులో ఆరో వంతు సంకేతం కూడా ఇవ్వదు. దానికి తోడు, ఆ చాపడంలో మణికట్టు పది డిగ్రీలు వాలితే చాలు, గురుత్వాకర్షణలో ఆ దిశగా వచ్చే మార్పే 1.7 మీటర్లు ఉంటుంది. నెమ్మది కదలిక ఆ వాలులో మునిగిపోతుంది. వణుక్కి ఈ బెడద లేదు, నాలుగు నుంచి ఆరు హెర్ట్జ్ (అంటే సెకనుకు అన్నిసార్లు) మధ్య ఒక ఫిల్టర్ పెడితే చాలావరకు బయటికి వచ్చేస్తుంది. పళ్లు తోముకోవడం లాంటివి ఆ దరిదాపుల్లోకి వచ్చి కాస్త గందరగోళం చేస్తాయి, అంతే.

కాబట్టి సులువుగా దొరికేదాన్ని కొలిచి, కష్టంగా దొరికేదాన్ని వదిలేసే ప్రమాదం ఈ పనిలో మొదటి నుంచీ ఉంది. తిరుగుడు వేగాన్ని కొలిచే గైరోస్కోప్‌ని కూడా వాడండి. భుజం, మోచెయ్యి, మణికట్టు కదలికలన్నీ మూలంలో తిరుగుళ్లే. గైరోస్కోప్ వాటిని సెకనుకు ఇన్ని డిగ్రీలని నేరుగా చెబుతుంది, గురుత్వాకర్షణ గోల దానికి ఉండదు. అరచేతిని తిప్పే పరీక్షకి అది అచ్చంగా సరిపోతుంది. బ్యాటరీ ఎక్కువ తింటుందని దాన్ని ఆపేస్తారని తెలుసు. రోజంతా వద్దు, డోసు వేసుకునే ముందూ తర్వాతా కాసేపు నడపండి, అదైనా మేలే.

మందగింపు దగ్గర ఇంకో పెద్ద చిక్కుంది. మణికట్టు కదలడం లేదంటే అర్థమేమిటి? ఆయన కునుకు తీస్తూ ఉండవచ్చు. హాయిగా కూర్చుని ఏదో చదువుకుంటూ ఉండవచ్చు. లేవాలనుకుని, చెయ్యి ముందుకు రాక, అలాగే కూర్చుండిపోయి ఉండవచ్చు. సెన్సర్ గీసే గీత ఈ మూడింటికీ దాదాపు ఒకటే. దీనికి తలకిందుల చిక్కు డిస్కినీషియా. ఈ జబ్బుకి ఇచ్చే ప్రధానమైన మందు లెవోడోపా ఎక్కువైన వేళల్లో చెయ్యి, భుజం, మెడ తమంతట తాము మెలికలు తిరుగుతుంటాయి. ఒట్టి కదలికలను లెక్కపెట్టే పరికరం ఆ గంటలో మనిషి చాలా చురుగ్గా ఉన్నాడని రాస్తుంది. కదలిక ఎక్కువైతే మంచిది, తక్కువైతే చెడ్డది అనే సూత్రం ఈ జబ్బులో రెండు వైపులా తప్పుతుంది.

నా ఉద్దేశంలో దీనికి దారి ఒకటుంది. చెయ్యి ఎంతసేపు కదిలింది అని కాకుండా, కదిలినప్పుడు ఎలా కదిలింది అని అడగండి. తనంతట తాను ఏదో అందుకోవడానికి చెయ్యి చాచిన ఆ కొద్ది సెకన్లలో గరిష్ఠ వేగం ఎంత? వరసగా అయిదారుసార్లు అదే పని చేస్తే ఆ వేగం ఎలా పడిపోయింది? నడిచేటప్పుడు ఏ చెయ్యి ఎంత ఊగింది? జబ్బు సాధారణంగా ఒక పక్కన మొదలవుతుంది, ఆ పక్క చెయ్యి ఊగడం తగ్గడం తొలి గుర్తుల్లో ఒకటి. భుజం పట్టేసిందని వైద్యం చేయించుకుంటూ తిరిగి, తర్వాత పార్కిన్సన్స్ అని తేలినవాళ్లు మాకు బాగా తెలుసు. నడకలో చెయ్యి ఊగడం ఎవరూ ఆలోచించి చేసే పని కాదు, అందులో నటన ఉండదు. సెన్సర్‌కి దానికంటే మంచి అవకాశం ఏముంటుంది?

ఈ దిశలో ముందే నడిచినవాళ్లు ఉన్నారు, వాళ్లకి కృతజ్ఞతలు చెప్పాలి. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో పుట్టిన పర్సనల్ కైనెటిగ్రాఫ్ అనే పరికరం దాదాపు వారం రోజులు మణికట్టుకు ఉండి, రెండేసి నిమిషాల ముక్కల్లో మందగింపుకి ఒక అంకె, డిస్కినీషియాకి వేరే అంకె ఇస్తుంది. మందు వేళకి చేతి మీద అదురుతుంది, వేసుకున్నట్టు గుర్తు పెట్టుకుంటుంది. బ్రిటన్‌లో ఏ వైద్యం, ఏ పరికరం వాడాలో సలహా ఇచ్చే నైస్ సంస్థ 2023 జనవరిలో దానితో కలిపి ఐదు పరికరాలను సిఫారసు చేసింది, ఇంకా ఆధారాలు సేకరిస్తూ ఉండాలనే షరతుతో. ఆ షరతు సబబైనదే. ఆ ఆధారాల్లో అంకెలు తగ్గాయా లేదా అన్నదొక్కటే ఉండకూడదు. గుండీ పడిందా, చెంచా నోటిదాకా వచ్చిందా అన్నది కూడా ఉండాలి.

ఏ చేతికి కట్టాలన్నది చిన్న విషయంగా కనబడుతుంది గానీ, కాదు. యూకే బయోబ్యాంక్ అనే పెద్ద ఆరోగ్య పరిశోధనలో లక్షమందికి పైగా ఒక్క వారం పాటు మణికట్టు సెన్సర్ కట్టుకున్నారు. ఆ డేటాతో కార్డిఫ్ యూనివర్సిటీ పరిశోధకులు 2023లో చూపించింది ఏమిటంటే, నిర్ధారణకు ఏడేళ్ల ముందు నుంచే కదలిక తగ్గుదల కనబడుతుందని. అది చదివినప్పుడు నాకు ఒళ్లు గగుర్పొడిచింది. అక్కడ సెన్సర్ కట్టింది ఎక్కువగా వాడే చేతికి. మరి రెండో చేతిలో మొదలైనవాళ్ల సంగతి ఇంకెంత ముందు తెలిసేదో! మామూలు స్మార్ట్ వాచీల దగ్గర ఇది తిరగబడుతుంది. కుడిచేతివాటం వాళ్లు వాచీని ఎడమకి పెట్టుకుంటారు, జబ్బు కుడి పక్క ఉంటే వాచీ బాగున్న చేతిని చూస్తూ అంతా బాగుందని చెబుతుంది. రెండు చేతులకీ కడితే మంచిది. వీలుకాకపోతే ఎక్కువ ఇబ్బంది ఉన్న చేతికి కట్టాలి, ఏ చేతికి కట్టారో రిపోర్టు మీద పెద్ద అక్షరాలతో ఉండాలి.

పట్టీ గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. వాచీ బకిల్ పెట్టాలంటే అవతలి చేతి వేళ్లు కావాలి. పార్కిన్సన్స్ ఉన్న చేతివేళ్లతో చిన్న కన్నంలో చిన్న ముల్లు దూర్చమనడం గుండీ పెట్టమనడంతో సమానం. మీ పరికరం కట్టుకోవడానికే ఆ మనిషికి సాయం కావాల్సి వస్తే, ఒంటరిగా ఉండేవాళ్ల డేటా మీ దగ్గర ఉండదు. సాగే పట్టీ పెట్టండి, చేతిని అందులోకి జారవిడిస్తే చాలేలా. తెర మీద నొక్కాల్సిన బొత్తాలు పెద్దవిగా ఉంచండి.

డాక్టర్లకు ఇంకో మాట. 1967లో డాక్టర్ జార్జ్ కొట్జియాస్ డోపాని పెద్ద మోతాదుల్లో నోటి ద్వారా ఇచ్చి మంచి ఫలితాలు చూపించాడు, ఆ దారిలో వచ్చిన లెవోడోపాయే ఈనాటికీ ప్రధానమైన మందు. ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కో డోసు పనిచేసే సమయం కుదించుకుపోతుంది. రక్తంలో దాని అర్ధజీవితం, అంటే సగానికి తగ్గడానికి పట్టే సమయం, అది త్వరగా విరిగిపోకుండా చూసే కార్బిడోపాతో కలిపి ఇచ్చినా, సుమారు గంటన్నరే. అందుకే ప్రతి సందర్శనలోనూ మీరు అడిగే అసలు ప్రశ్న, "మందు ఎంతసేపు పనిచేస్తోంది, ఎప్పుడు దిగిపోతోంది?" అని. దీనికి డైరీ రాయమంటారు, అరగంటకోసారి ఆన్‌లో (మందు పనిచేస్తూ) ఉన్నారా, ఆఫ్‌లో (మందు దిగిపోయి) ఉన్నారా అని గుర్తు పెట్టమంటారు. ఆఫ్‌లో ఉన్న చెయ్యి రాయలేదు. రాసినా అక్షరాలు చీమల బారులా చిన్నవైపోతాయి. దాంతో సాయంత్రం కూర్చుని, గుర్తున్నంతవరకు ఒకేసారి నింపేస్తారు. మీ బల్ల మీదికి వచ్చే డైరీల్లో అలాంటివి ఎన్ని ఉంటాయో మీకూ తెలుసు.

ఈ ఖాళీని నింపడానికే సెన్సర్ ఉంది. డోసు వేసుకున్న వేళకి ఎదురుగా ఆ చేతి వేగం గీత ఉంటే, ఎన్నింటికి లేచింది, ఎన్నింటికి పడిపోయింది అన్నది కళ్లకి కనబడుతుంది. డోసు వేళ లేని గీత సగం సమాచారం కూడా ఇవ్వదు. రోజంతా కలిపి సగటు తీసిన ఒక్క అంకె అయితే మరీ మోసం, పొద్దున ఆఫ్‌నీ మధ్యాహ్నం డిస్కినీషియానీ కలిపి రోజు ఫరవాలేదని చెప్పేస్తుంది.

నా దగ్గరికి వచ్చే ఒకాయన ఈమధ్య తన రిపోర్టు తెచ్చి చూపించారు. రిటైరైన టీచరు. మందు మార్చాక వణుకు బాగా తగ్గిందని అందులో ఉంది, అది నిజం కూడా. ఇంట్లోవాళ్లు సంతోషపడ్డారు. ఆయన మాత్రం కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "బాగైందంటున్నారమ్మా, మరి నా సంతకం బ్యాంకువాళ్లు ఒప్పుకోవట్లేదు" అన్నారు. పేరులో మొదటి అక్షరం గుండ్రంగా వస్తోంది, చివరికి వచ్చేసరికి గీతలా మారిపోతోంది. రిపోర్టులో దీని గురించి ఒక్క ముక్క లేదు. తప్పు చెప్పిందని కాదు. ఆయన అడిగినదానికి అది జవాబు చెప్పలేదు.

మణికట్టు సెన్సర్‌కి వేళ్లు కనబడవు. అందుకే కొన్ని పరికరాల్లో చూపుడువేలికి చిన్న సెన్సర్ తొడుగుతారు. కండరాల బిగుతు కూడా దానికి తెలియదు, అది తెలియాలంటే ఎవరైనా ఆ మోచేతిని పట్టుకుని మెల్లగా వంచి చూడాలి. ఇవన్నీ లోపాలని ఎత్తిచూపడం లేదు. ఏది చూడలేదో రిపోర్టు మీదే రాయమంటున్నాను. వేళ్ల పని, బిగుతు ఇందులో లేవు అని ఒక్క వాక్యం ఉంటే, "అంతా బాగుంది" అనే మాట ఎవరి నోటా అంత తొందరగా రాదు. ఆ డేటా ఎవరి చేతిదో వాళ్ల అనుమతి లేకుండా ఇంకెవరికీ పోకూడదన్నది వేరే చెప్పనక్కర్లేదనుకుంటాను.

రిపోర్టు మొదటి కాపీ కూడా ఆ మనిషికే అందాలి, అర్థమయ్యే మాటల్లో. "పొద్దున ఏడు గంటల డోసు తర్వాత మీ కుడిచెయ్యి ఇంతసేపటికి వేగం అందుకుంది, పదింటికల్లా మళ్లీ మందగించింది" అని ఉంటే చాలు. స్నానం, వంట, రాతపని ఏ వేళకి పెట్టుకోవాలో ఆయనే సర్దుకుంటారు. మేమూ వ్యాయామాలు చెయ్యి బాగా వచ్చే వేళకి మార్చుకుంటాం.

ఇంజనీర్లను నేను కోరేది ఇది: తర్వాతి పరికరం నమూనా గీసేటప్పుడు, పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు కొందరిని, వాళ్లతో పనిచేసే ఫిజియోథెరపిస్టు ఒకరిని ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టుకోండి, పని పూర్తయ్యాక అభిప్రాయం అడగడానికి పిలవకండి. డాక్టర్లను కోరేది ఇంకా చిన్నది. ఈసారి సెన్సర్ రిపోర్టు మీ చేతికి వచ్చినప్పుడు, వణుకు పేజీ తిప్పే ముందు మందగింపు గీతని డోసు వేళలతో పక్కపక్కన పెట్టి చూడండి. తర్వాత ఎదురుగా ఉన్న మనిషిని ఈ వారం చెయ్యి ఏ పనికి రాలేదో అడిగి, ఆ జవాబుని రిపోర్టు మీదే రాయండి.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు